గాజుపెట్టెలోని చిలకపచ్చ జాకెట్టు

మా అన్నయ్య అప్పలరాజు నా షాపు మెట్లెక్కడం ఇరవై రెండేళ్ళలో అది మూడోసారి. మొదటిసారి కూతురి పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. రెండోసారి కళింగపట్నంలోని మా మేనత్త మేడ కాగితాల మీద నా సంతకం కోసం వచ్చాడు. మూడోసారి ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చాడు. నరసన్నపేటలో మెయిన్ రోడ్డు నుంచి అరవై అడుగులు లోపలికి నడిస్తే నా టైలరింగు షాపు. ఆ అరవై అడుగులకే ఆయనకు ఆయాసం వచ్చింది. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, కవరులోంచి పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి కటింగు బల్ల మీద పెట్టాడు. విప్పకముందే కలరా ఉండల వాసన వచ్చింది.

లోపల చిలకపచ్చ పట్టు జాకెట్టు ఉంది. చేతులకు కుంకుమరంగు అంచు. మడతల దగ్గర పట్టు విరిగిపోయి గీతలు పడింది కాని రంగు మాత్రం ఇంకా కళ్ళకు కొడుతోంది. మా మేనత్త తన ఆఖరి సినిమాలో పెళ్ళి సీనుకు వేసుకున్న జాకెట్టు అదేనని, విశాఖపట్నం నుంచి తెప్పించిన షోకేసు బొమ్మకు అది పట్టడం లేదని చెప్పాడు. మేడ కింది భాగాన్ని ఆవిడ పేరు మీద స్మారక మందిరం చేస్తున్నాడు. బీచికి వచ్చే జనం చూసి వెళ్ళేలాగా మధ్యలో గాజుపెట్టె, అందులో ఈ జాకెట్టు, చీర.

"కొద్దిగా ఒదులు సెయ్యే పైడీ. లోపల గుడ్డ ఉంటాది గదా," అన్నాడు.

నేను ముందు టేపు పెడతాను, మాట తర్వాత. ఛాతీ ముప్ఫై ఒకటి. భుజం పదమూడుంబావు. కుట్టు లోపల మిగులు గుడ్డ పావంగుళం. ఇంకోసారి కొలిచాను. అనుమానం వచ్చి కాదు, తల ఎత్తితే నా మొహం ఆయనకు కనిపిస్తుందని.

ఇది పగతో రాస్తున్నాను. చదివేవాళ్ళకు ఆ సంగతి ముందే తెలియాలి. చిన్ననాటి జ్ఞాపకాలంటే కన్నీళ్ళూ క్షమాపణలూ ఉంటాయనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు యాభై ఆరేళ్ళు. ఐదో తరగతి దాకా చదివాను. మిగతా లెక్కంతా నాకు నేనే నేర్చుకున్నాను, ఆ లెక్కలో తప్పు దొర్లనివ్వను. ఇందులోనూ దొర్లనివ్వలేదు.

మా మేనత్తకు ఇంట్లో పెట్టిన పేరు కూర్మమ్మ. శ్రీకూర్మం దేవుడి పేరు పెట్టారు. సినిమా పేరు పద్మరేఖ. మాది ఎండుచేపల వ్యాపారం చేసే ఇల్లు. ఆ ఇంట్లోంచి పదిహేడేళ్ళ పిల్ల విజయనగరం వెళ్ళి నాటకాల్లో వేషాలు కట్టి, అక్కడి నుంచి మద్రాసు వెళ్ళి పదకొండు సినిమాల్లో నటించింది. మూడింటిలో హీరోయిన్, ఆరింటిలో హీరోయిన్ స్నేహితురాలు, రెండింటిలో ఇంటర్వెల్ ముందు చచ్చిపోయే చెల్లెలు. పన్నెండేళ్ళ తర్వాత అన్నీ వదిలేసి కళింగపట్నం వచ్చి, లైటుహౌసు కనపడేలా మేడ కట్టుకుంది. వచ్చేటప్పుడు వెంట మూడు ట్రంకు పెట్టెలు, ఒక కుట్టుమిషను, ఎస్తేరు అనే మనిషి వచ్చాయి. ఊళ్ళో వాళ్ళు చెప్పుకున్న వరుస అదే. మనిషిని చివర చెప్పేవారు.

మా అమ్మ నా తర్వాతి కాన్పులో పోయింది. మా నాన్నకు మగపిల్లాడు చాలనిపించి, ఆరేళ్ళ నన్ను పక్కనే ఉన్న మేడకు పంపేశాడు. పదమూడేళ్ళు అక్కడే పెరిగాను. పెంకుటింటికీ మేడకీ మధ్య నలభై అడుగుల ఇసుక. ఇటువైపు చేపల ఉప్పువాసన, అటువైపు మిషను నూనె వాసన, గంజి వాసన, అత్త మొహానికి రాసుకునే శనగపిండిలో కలిపిన పసుపు వాసన. గాలి సముద్రం మీద నుంచి తిరిగినప్పుడు మా చేపల వాసన మేడ మీదకు వచ్చేది. అప్పుడు కూర్మత్త ముక్కు మూసుకుని, "అన్నీ ఒదిలొచ్చాను గాని ఇది నన్నొదల్నేదే" అనేది. కాని మధ్యాహ్నం అన్నంలోకి ఎండు నెత్తళ్ళు లేకపోతే ఆవిడకే ముద్ద దిగేది కాదు.

పొద్దున్నే కూర్మత్త వరండాలో పేము కుర్చీలో కూర్చుని, ఎవరూ వినకపోయినా, పాత నాటకాల పద్యాలు ఎత్తుకునేది. ఎస్తేరత్త ఆ పక్కనే మిషను దగ్గర కూర్చునేది. పద్యం రాగంలో సాగుతుంటే తొక్కడం ఆపేది, అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టేది. ఆ ఆగడం నేను లెక్కపెట్టేదాన్ని. నలభై కుట్లు, పద్యం, మళ్ళీ నలభై కుట్లు. ఏకాదశికి కూర్మత్త శ్రీకూర్మం వెళ్ళేది. ఎస్తేరత్త గుడి బయట ఇద్దరి చెప్పులూ దగ్గర పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది. ఆదివారం ఎస్తేరత్త చర్చికి వెళ్ళేది. ఆవిడ టెక్కలి వైపు బాప్టిస్టు కుటుంబం పిల్ల, మిషనరీల కుట్టు బడిలో పని నేర్చుకుంది. ప్రార్థన అయ్యేదాకా కూర్మత్త చర్చి వరండాలో గొడుగు పట్టుకుని నిలబడేది. లోపలికి ఎవరూ ఎవరినీ రమ్మనలేదు, బయట వదిలి వెళ్ళిపోనూ లేదు. ఇద్దరి మధ్య నడిచి నేను ఇంటికి వచ్చేదాన్ని.

పడకగదిలో మంచాలు రెండు. ఒకదాని మీద పరుపు, రెండు దిండ్లు. రెండోదాని మీద ఎప్పుడూ సినిమా బట్టల మూటలు. ఏడేళ్ళప్పుడు ఇంట్లో ఉన్న వస్తువులన్నీ లెక్కపెట్టే పిచ్చి పట్టింది నాకు. కుర్చీలు ఎనిమిది, చెంబులు ఐదు, మంచాలు రెండు, దిండ్లు రెండు. అన్నీ సరిపోతున్నాయి కాని దిండ్లు రెండూ ఒకే మంచం మీద ఉన్నాయి. మరి ఆ రెండో మంచం మీద ఎవరు పడుకుంటారని భోజనాల దగ్గర అడిగాను. కూర్మత్తకు పొలమారింది. ఎస్తేరత్త చారు వడ్డిస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"దాని మీద మద్రాసు పడుకున్నాదే. లేపకు."

ఎస్తేరత్త నాకు టేపు పట్టడం నేర్పింది. లెక్క ఆవిడకు కంట్లో ఉండేది, నోటితో చెప్పడం వచ్చేది కాదు. ఒక మనిషి గుమ్మంలోంచి లోపలికి రాగానే, "ముప్పైమూడున్నర, ఎడం బుజం కిందికి" అనేసేది. నేను వెనక టేపు పెట్టి చూస్తే అంతే ఉండేది. ఎలా వచ్చిందో చెప్పమంటే చెప్పలేకపోయేది. అందుకని ముక్కలు, పావులు, ముప్పావులు, ఎంత పన్నా, అంటే ఎంత వెడల్పు, గుడ్డలో ఎన్ని జాకెట్లు వస్తాయన్న లెక్క నేను గోడ మీద సుద్దతో నాకు నేనే వేసుకున్నాను. కూర్మత్త ఛాతీ ముప్ఫై నాలుగు, భుజం పద్నాలుగున్నర. ఎస్తేరత్త ఛాతీ ముప్ఫై ఒకటి, భుజం పదమూడుంబావు. నేను తీసిన మొదటి రెండు కొలతలు అవి. మొదట నేర్చుకున్న అక్షరాలు ఎవరు మర్చిపోతారు?

ఆవిడ పని పద్ధతి ఒకటి చెప్పాలి. సినిమా జాకెట్టుకు కుట్టు లోపల రెండు వైపులా అంగుళంన్నర గుడ్డ మిగల్చాలి. షూటింగు నెలల తరబడి సాగుతుంది, హీరోయిన్ ఒళ్ళు ఒకేలా ఉండదు, ఎప్పుడు విప్పి వదులు చెయ్యాల్సి వస్తుందో తెలియదు. కూర్మత్త జాకెట్లన్నిటికీ అలాగే వదిలేది. తనకు కుట్టుకునేటప్పుడు మాత్రం పావంగుళం. ఎందుకలా అని అడిగితే, "నాకోసం కెమెరా ఆగదు కదే గుంటా. గుడ్డ దండగ," అనేది.

మద్రాసు సంగతులు కూర్మత్త సరదాగా ఉన్నప్పుడు కొన్ని చెప్పేది, మిగతావి చాలా ఏళ్ళ తర్వాత ఎస్తేరత్త చెప్పింది. రెండూ కలిపితే ఎక్కడా తేడా రాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజుల్లో ఒక పేరున్న హీరోతో మా అత్తకు ప్రేమ వ్యవహారమని పత్రికల్లో వచ్చేది. ఆయన పేరు రాయను. ఆయన మా అత్తకు ఏ చెడూ చెయ్యలేదు. ఆదివారం సాయంత్రాలు ఆయన కారు మా అత్త అద్దె ఇంటి ముందు ఆగేది. ముందు సీట్లో ఆయన, పక్కన మా అత్త. వెనక సీట్లో ఆయన సెక్రటరీ, మా అత్త హెయిర్ డ్రెస్సరుగా స్టూడియోలో పేరు రాయించుకున్న ఎస్తేరు. ఆ వీధి జనం గుమ్మాల్లోకి వచ్చి చూసేవారు. ఊరు దాటాక తోటల దగ్గర కారు ఆగేది. సీట్లు మారేవి. ముందు ఇద్దరు మగవాళ్ళు, వెనక ఇద్దరు ఆడవాళ్ళు. సముద్రం ఒడ్డున వేరుశనక్కాయలు తిని, చీకటి పడకుండా తిరిగి వచ్చి, అదే తోటల దగ్గర మళ్ళీ మారేవారు. కారులో నలుగురు ఉంటే పత్రికలో ఇద్దరే ఉండేవారు. మేకప్ వేసేవాళ్ళకూ కెమెరా వాళ్ళకూ తెలుసు. ఎవరూ అనలేదు. అంటే సినిమా ఆగిపోతుంది, అందరి కూడూ ఆగిపోతుంది.

ఆఖరి సినిమాకు పెళ్ళికూతురి జాకెట్టు కోసం కంపెనీ వాళ్ళు చిలకపచ్చ పట్టు ఇచ్చారు. సినిమా నలుపు తెలుపుల్లోనే కాబట్టి ఏ రంగైనా ఒకటేనని ఎక్కడో మిగిలిపోయిన తాను ముక్క ఇచ్చారట. ఎస్తేరత్త దాన్ని రెండు జాకెట్లకు ఎలా కత్తిరించిందో నేను తర్వాత కాగితం మీద వేసి చూశాను. ఎంత పొదుపుగా వేసినా ఇద్దరికీ కలిపి నాలుగంగుళాలు తక్కువ వస్తుంది. తన జాకెట్టు వీపును రెండు ముక్కలుగా అతికి సరిపెట్టింది. షూటింగు అయిన ఆదివారం ఆ అద్దె ఇంట్లో ఇద్దరూ ఆ జాకెట్లు వేసుకున్నారు. హీరో రెండు మల్లెదండలు తెచ్చాడు. సెక్రటరీ పాయసం వండాడు, అడుగంటింది. పెళ్ళికి వచ్చినవాళ్ళు వాళ్ళిద్దరే. భజంత్రీల బదులు కూర్మత్తే తన పద్యం తను పాడుకుందని ఎస్తేరత్త చెప్పి నవ్వింది.

తర్వాత నిర్మాతలు ఆ పుకారును నిజం చెయ్యమని ఒత్తిడి పెట్టారు. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఆ హీరో ఇంటివాళ్ళు వారం తిరగకుండా మేనమామ కూతురితో ఆయనకు పెళ్ళి చేసేశారు. పెళ్ళి కారు నడిపింది సెక్రటరీయే. దారి పొడుగునా అద్దంలోకి ఒక్కసారి కూడా చూడలేదట. ఆ ఏడాదే మా అత్త మద్రాసు వదిలేసింది. "రేపు నన్ను కూడా ఎవరికో కట్టబెడతారు, అప్పుడు కారు నువ్వు నడపాల," అని ఎస్తేరత్తతో అని పెట్టెలు సర్దేసిందట.

కూర్మత్త పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. గుండెనొప్పి వచ్చి, మధ్యాహ్నం భోజనానికి ముందే ప్రాణం పోయింది. మా వాడలో పోయిన మనిషి ఆడదైతే స్నానం చేయించి బట్ట కట్టేది ఆడవాళ్ళే. మగవాళ్ళు ఆ గడప లోపలికి రారు. ఆ రోజు గదిలో ముగ్గురం ఉన్నాం. నేను, ఎస్తేరత్త, పక్కింటి సూరమ్మవ్వ. ఎండుచేపల గంప మోసి మోసి ఆవిడ నడుం వంగిపోయింది, మా వాడలో ఏ చావుకైనా స్నానం ఆవిడ చేతి మీదుగానే జరిగేది. ఎస్తేరత్త ట్రంకు తెరిచి చిలకపచ్చ జాకెట్టు తీసింది. ముప్ఫై నాలుగుది. కుట్లు రెండు వైపులా విప్పి ఉన్నాయి, అంగుళంన్నర మిగులు గుడ్డ అప్పటికి వాడుకలోకి వచ్చేసింది. పెళ్ళి కాని మనిషికి పెళ్ళిబట్ట కడితే ముసలావిడ ఏమంటుందోనని నేను ఆవిడ వైపు చూశాను. సూరమ్మవ్వ తడిగుడ్డ పిండుతూ ఉంది.

"ఎయ్యే అమ్మా," అంది ఎస్తేరత్తతో. "ఆ బొట్టి పెళ్ళి కాని మనిసని నానెప్పుడూ అనుకోనేదు."

హుక్కులు ఎనిమిది. ఎస్తేరత్త ఏడు పెట్టగలిగింది. ఎనిమిదోది నేను పెట్టాను. దాని మీద కొత్తచీర మెడదాకా కప్పేశాం. గడప బయట ఉన్న మా నాన్నకు గాని, అన్నయ్యకు గాని లోపల ఏమి కట్టామో తెలియదు. ఆ జాకెట్టు ఆవిడతోపాటే కాలిపోయింది. ఈ మాట జాగ్రత్తగా చదవండి. కూర్మత్త జాకెట్టు కాలిపోయింది.

పదకొండో రోజు అన్నయ్య మేడ మీదకు వచ్చి కత్తెర ఇమ్మన్నాడు. అప్పుడాయనకు ఇరవై ఆరేళ్ళు. నేను ఇచ్చాను. ఎందుకని అడగలేదు. దండల దారాలు కత్తిరించడానికి అనుకున్నాను. గంట తర్వాత తెచ్చి ఇచ్చాడు. మర్నాడు పల్చటి నూలుగుడ్డ మీద పెడితే కత్తెర తెగనియ్యకుండా నమిలేసింది. టైలరింగు పని చేసేవాళ్ళకు ఈ సంగతి తెలుసు. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. దళసరి కాగితమైతే ఇంకా త్వరగా పోతుంది. ఆల్బం తీసి చూశాను. ఫొటోలు నలభై ఒకటి. పదిహేడింటిలో పక్కనున్న మనిషి లేదు. గొడుగు కింద కూర్మత్త ఒక్కతే ఉంది. కారు పక్కన ఒక్కతే ఉంది. ఒక దాంట్లో మాత్రం అన్నయ్య కత్తెర తిన్నగా సాగక, కూర్మత్త భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి. ఆ కత్తెర నాది. నా చేత్తో అందించింది. నా పగలో మొదటి వాటా ఆయనదే అయినా రెండో వాటా నాదేనని ఒప్పుకుంటున్నాను.

పన్నెండో రోజు మా నాన్న ఎస్తేరత్తను వెళ్ళిపొమ్మన్నాడు. చెల్లెలు పోయింది కాబట్టి చెల్లెలి పనిమనిషికి ఇక్కడ పని లేదన్నాడు. పన్నెండేళ్ళు మద్రాసులో, పద్నాలుగేళ్ళు ఈ ఊళ్ళో, మొత్తం ఇరవై ఆరేళ్ళు. ఆవిడ మిషను అడగలేదు. ఇల్లు అడగలేదు. పెట్టెలో ఒక పచ్చ జాకెట్టు ఉంది, అదొక్కటి ఇప్పించమంది. ట్రంకు తాళాలు అన్నయ్య మొలతాడుకు ఉన్నాయి.

"మా అత్త పట్టుజాకెట్టు నీకెందుకే? పనిమనిసివి, నూలుగుడ్డ కట్టుకో," అన్నాడు.

అది తనదేనని ఆవిడ చెప్పి ఉండొచ్చు. చెబితే తనకు అలాంటి జాకెట్టు ఎందుకుందో చెప్పాలి. అప్పుడు పోయినావిడ పేరు వాడంతా నలుగుతుంది. అందుకని రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచింది. నేను వెంట వెళ్ళాను, కాని బస్సు ఎక్కలేదు. టెక్కలి అవతల చర్చి కాంపౌండులో ఆవిడకు ఒక గది ఇచ్చారు. అక్కడ పిల్లల గౌన్లు కుడుతూ ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళలో నేను నాలుగుసార్లు వెళ్ళాను. ఇప్పుడు ఆ దూరం కారులో గంట లోపు. ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆవిడను గుమ్మంలో చూసి, టేపు లేకుండానే, ఇరవై తొమ్మిదిన్నర అని నా కంటికి వచ్చేసింది. ఆ విద్య ఆవిడ దగ్గర నుంచి నాకు అలా వచ్చింది. సమాధి మీద ఆవిడ పేరు ఉంది. దాని కింద ఏమి రాయాలో చర్చి వాళ్ళకు తెలియక ఖాళీగా వదిలేశారు.

ఇదంతా నా కళ్ళ ముందు ఉండగా ఆ రోజు షాపులో అన్నయ్య బొమ్మ గురించి మాట్లాడుతున్నాడు. జాకెట్టు వీపు తిప్పి చూశాను. నడిమధ్యలో అతుకు ఉంది. ఆయనకు నేను మూడు అవకాశాలు ఇచ్చాను. ఇచ్చానని ఆయనకు తెలియదు, కాని ఇచ్చాను. మొదటిది అప్పుడే. ఇది ఎవరిదో నీకు గట్టిగా తెలుసా అని అడిగాను. అత్తది కాక మరెవరిదని నవ్వాడు. రెండోది వారం తర్వాత, ఆయన అచ్చు వేయించిన చిన్న పుస్తకం తెచ్చి ఇచ్చినప్పుడు. పన్నెండు పేజీలు. ఆ హీరో మా అత్తను ప్రేమించి మోసం చేశాడని, ఆయన మీది ప్రేమతో ఆవిడ జీవితాంతం కన్యగా ఉండిపోయిందని రాయించాడు. ఎస్తేరు అన్న పేరు ఎన్నిసార్లు ఉందో వెతికాను. సున్న. తొమ్మిదో పేజీలో 'నమ్మకమైన పనిమనిషి' అని ఒకసారి ఉంది. పుస్తకం సరే, గోడకు బిగించే రాతిపలక మీదైనా ఆవిడ పేరు ఒక వరుసలో వేయించమని అడిగాను.

"పనిమనిసి పేరు పలక మీదేటే? ఎమ్మెల్యే వస్తాడు, నవ్వుతాడు," అన్నాడు.

మూడోసారి నేనే మేడకు వెళ్ళాను. పలక అప్పటికే బిగించేశారు. నాలుగు వేళ్ళున్న ఫొటోనే పెద్దది చేయించి పైన వేలాడదీశారు. ఫొటో స్టూడియో వాళ్ళు ఆ వేళ్ళను పైట మడతలుగా మార్చేశారు. మైకులో నువ్వు మాట్లాడేటప్పుడు ఒక్కసారి ఆ పేరు అను, రాయక్కర్లేదు అన్నాను. ఇంతకంటే తక్కువ అడగడం నాకు రాదు. అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. నిజంగా ప్రేమగానే వేశాడు.

"ఒసే పైడీ, ఊరు మరిసిపోయినాది. నువ్వు కూడా మరిసిపో."

ఆ మాటతో నాకు మనసు తేలికపడింది. ఒక్కసారి ఆ పేరు అంటానని ఉంటే జాకెట్టు ఎవరిదో అక్కడే చెప్పేద్దును. జాకెట్టు తెచ్చేసుకుని టెక్కలి తీసుకెళ్ళి ఆ సమాధి దగ్గర పెట్టేద్దును. ఇక ఆ అవసరం లేదు. జాకెట్టు వదులు చెయ్యడానికి లోపల గుడ్డ లేదని, విప్పితే పట్టు చిరిగిపోతుందని చెప్పాను. రెండూ నిజమే. విశాఖపట్నం బొమ్మ పనికిరాదు, జాకెట్టుకు సరిపడే బొమ్మను నేనే గుడ్డతో కుట్టి ఇస్తానన్నాను. ఆయన సంతోషించాడు. చెల్లెలు ఇన్నాళ్ళకు దారికి వచ్చిందనుకున్నాడు.

ఆ బొమ్మ కుట్టడానికి పదకొండు రోజులు పట్టింది. గళ్ళ దుప్పటి గుడ్డ, లోపల దూది. ఛాతీ ముప్ఫై ఒకటి, నడుం ఇరవై ఆరు, భుజం పదమూడుంబావు, మెడ చుట్టు పన్నెండున్నర. మిషను మీద ఏళ్ళ తరబడి వంగి కుట్టినవాళ్ళకు కుడిభుజం కొంచెం ముందుకు వస్తుంది. అదీ పెట్టాను. మెడ వెనక ఎముక దగ్గర చిన్న ఎత్తు ఉండేది ఆవిడకు. దానికి దూది రెండుసార్లు తీసి మూడోసారికి సరిగ్గా కుదిరించాను. పూర్తయ్యాక జాకెట్టు తొడిగితే ఎక్కడా ముడత రాలేదు. ఎనిమిది హుక్కులూ నేనే పెట్టాను. మా షాపులో కుట్టే అమ్మాయిలు, ఎవరీవిడ, నిజం మనిషిలాగ ఉన్నాదని అడిగారు. మా అత్త అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు.

ప్రారంభోత్సవం పొద్దున పదకొండు గంటలకు జరిగింది. ఎమ్మెల్యే దీపం వెలిగించాడు. ఎవరో అమ్మాయిలు పాట పాడారు. అన్నయ్య మైకులో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత గాజుపెట్టె తలుపు తీసి ఆ మెడలో గులాబీల దండ వేసి, చెప్పులు విప్పి, పీటకు తల ఆనించి దణ్ణం పెట్టాడు. నేను లెక్కపెట్టాను. తొమ్మిది అంకెల దాకా వంగే ఉన్నాడు. రేకుపెట్టెతో మా ఇంటివాళ్ళు బయటకు పంపిన మనిషి కాళ్ళ దగ్గర, తాళం తియ్యను పొమ్మన్న జాకెట్టు ముందు. ఆయన తర్వాత ఆయన కొడుకు, కోడలు, మనవలు వరుసగా వంగారు. మా ఇంటివాళ్ళు మొత్తం పద్నాలుగు మంది. పదిహేనో మనిషిగా నేనూ వంగాను. నేను మాత్రం ఎవరికి పెడుతున్నానో తెలిసి పెట్టాను.

ఇప్పుడు కాలం వేరు. నా షాపుకు వచ్చే కాలేజీ పిల్లలు ఇలాంటి సంగతులు ఫోనుల్లో చూస్తారు, వాటికి పేర్లు కూడా చెబుతారు, నవ్వకుండానే చెబుతారు. మా వాడలో అప్పుడు దానికి పేరు లేదు. పేరు లేకపోయినా సూరమ్మవ్వ తడిగుడ్డ పిండుతూ చెప్పాల్సిన మాట చెప్పింది. గంపలు మోసేవాళ్ళు పద్నాలుగేళ్ళు ఆ మేడ మెట్ల మీద కూర్చుని ఇద్దరి చేతి మంచినీళ్ళూ తాగారు. ఊరు మరిసిపోయినాది అన్నాడు మా అన్నయ్య. ఊరికి మరిచిపోవడానికి ఏమీ లేదు, ఊరు ఎప్పుడూ లెక్కతప్పి చూడలేదు. ఇద్దరుంటే ఇద్దరనే అనుకుంది. కత్తెర అడిగింది మా ఇంట్లోనే.

అన్నయ్యా, నేను రాసిన ఈ పుస్తకం నీ చేతికి వస్తుందని నాకు తెలుసు. నీ గురించి రాసిన పేజీలు ఎవరో ఒకరు చూపిస్తారు. అప్పుడు నువ్వు గాజుపెట్టె తలుపు తీసి ఆ జాకెట్టు తీసేద్దామనుకుంటావు. తియ్యి. కాని అంతమంది ముందు పెట్టినదాన్ని తీస్తే, ఎందుకు తీశావని అడుగుతారు. నీ మనవలే ముందు అడుగుతారు. అది ఎవరిదో, ఆవిడ మన అత్తకు ఏమవుతుందో నీ నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఉంచు, ఏటా దణ్ణం పెట్టుకో. నేను ఎంత వెతికినా నీకు మూడో దారి దొరకలేదు.

ఉంచేటట్టయితే ఒక్క మాట. ప్రారంభానికి నువ్వు తెచ్చిన దండ నాలుగు మూరలది, బరువుకు భుజం మీద నుంచి జారిపోయింది. వచ్చే వర్ధంతికి రెండు మూరలు తే. అదీ మల్లెపూలది తే. ఎస్తేరత్త మెడ సన్నం.